వెన్నుపాము గాయం: ఆపరేషన్ లేకుండా కరెంట్‌తో చేతుల్లో కదలిక.. ఈ ప్రయోగాల్లో తేలిందేంటి?

తాటిచెట్టు మీద నుంచి పడటం, చెరకు ట్రాక్టర్ బోల్తా పడటం, 44వ నెంబర్ హైవేపై యాక్సిడెంట్.. నిజాంసాగర్, బోధన్, నిజామాబాద్ వైపు మెడ, వెన్ను దెబ్బతిన్న వాళ్ల ఇళ్లలో ఇలాంటి కారణాలే వినిపిస్తాయి. గీత కార్మికులు చెట్టు మీద నుంచి జారిపడకుండా తెలంగాణ సర్కార్ 2024 జులైలో కాటమయ్య రక్ష కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. మరి ఇప్పటికే పడిపోయి మంచం పట్టిన వాళ్ల సంగతేంటి?

విరిగిన ఎముక అతుక్కుంటుంది. వెన్నుపాములో తెగిన నరాలు మాత్రం వాటంతట అవి అతుక్కోవు. అయితే చాలామందిలో నరాలన్నీ తెగిపోవు, కొన్ని మిగులుతాయి. మెదడు పంపే సంకేతం వాటి గుండా వస్తుంది కానీ కండరాన్ని కదిలించేంత బలం దానికి ఉండదు. చర్మం మీద ప్యాచ్‌లు అంటించి స్వల్ప కరెంట్ ఇస్తే వెన్నుపాము కాస్త చురుగ్గా మారి, ఆ బలహీన సంకేతాన్ని అందుకుంటుందన్నది ఈ చికిత్స వెనకున్న ఆలోచన. కోత లేదు, లోపల పరికరం పెట్టేది లేదు.

దీనిపై జరిగిన పెద్ద ప్రయోగం పేరు 'అప్-లిఫ్ట్'. ఫలితాలు 2024 మేలో 'నేచర్ మెడిసిన్' జర్నల్‌లో వచ్చాయి. మెడ దగ్గర దెబ్బతిని, నాలుగు కాళ్లూ చేతులూ ప్రభావితమైన 60 మంది ఇందులో చివరి దాకా ఉన్నారు. ముందు రెండు నెలలు ఒట్టి ఎక్సర్‌సైజులు, తర్వాత రెండు నెలలు కరెంట్‌తో కలిపి ఎక్సర్‌సైజులు చేయించారు. 72 శాతం మందిలో చేతుల బలం, పనితీరు రెండూ మెరుగయ్యాయి. గాయమై 34 ఏళ్ల దాకా గడిచిన వారిలోనూ మార్పు కనిపించింది. పరికరం వల్ల తీవ్రమైన ముప్పు ఎవరికీ రాలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ పరికరానికి ఓకే చెప్పింది.

ఇక్కడే కాస్త ఆగాలి. మెరుగైంది చేతులు, నడక కాదు. గ్లాసు పట్టుకోవడం, వేళ్లతో నొక్కడం లాంటివి. ఇంకొకరి చేత్తో అన్నం తినే మనిషికి అది చిన్న విషయమేం కాదు. కానీ వాట్సాప్‌లో తిరిగే 'వీల్‌చెయిర్ నుంచి లేచి నడిచాడు' వీడియోల్లో చాలావరకు ఆపరేషన్ చేసి లోపల పరికరం పెట్టిన కేసులు, అవి వేరు. పైగా 'అప్-లిఫ్ట్'లో ఉత్తుత్తి కరెంట్ ఇచ్చి పోల్చి చూసిన మరో గ్రూపు లేదు. కాబట్టి వచ్చిన మార్పులో ఎక్సర్‌సైజుల వాటా ఎంత, కరెంట్ వాటా ఎంత అన్నది కచ్చితంగా విడదీయలేం.

అందరికీ ఇది పనికిరాదు కూడా. గాయం కింది భాగంలో ఎంతో కొంత స్పర్శో, కదలికో మిగిలి ఉండాలి. ఇది తేల్చడానికి ఎంఆర్‌ఐ ఒక్కటే చాలదు. డాక్టర్ సూదితో, దూదితో ఒళ్లంతా పరీక్షిస్తారు. మలద్వారం దగ్గర స్పర్శ ఉందా అన్నదీ చూస్తారు. పేషెంట్లు సిగ్గుపడి దాటేసే పరీక్ష ఇదే, కానీ చాలా కీలకం.

ఫిజియోథెరపీ సెంటర్లలో, ఆన్‌లైన్‌లో దొరికే 'టెన్స్' మెషీన్ ఇదేనా అంటే, కాదు. అది నొప్పి తగ్గించడానికి వాడేది. దాన్ని సొంతంగా మెడకు పెట్టుకోవద్దు. ఛాతీ మధ్య భాగానికి పైన వెన్నుపాము దెబ్బతిన్న వాళ్లకు ఒక్కసారిగా బీపీ పెరిగే ప్రమాదం ఉంటుంది. తలపోటు, ముఖం ఎర్రబారడం, చెమటలు దీని లక్షణాలు. అలా అయితే వెంటనే కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, యూరిన్ ట్యూబ్ మెలిక పడిందేమో చూసి, 108కి ఫోన్ చేయాలి.

ఎవరైనా 'ట్రయల్‌లో చేర్చుకుంటాం' అని పిలిస్తే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ నెంబర్ అడగండి. ఆ వెబ్‌సైట్లో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. సమ్మతి పత్రం తెలుగులో చదివి వినిపించాలి. ప్రయోగంలో ఉన్న చికిత్సకు పేషెంట్ దగ్గర ఫీజు అడుగుతున్నారంటే అనుమానించాల్సిందే.