చిన్న బండి ఎక్కినవాళ్లు

నౌపడ–గుణుపురం నారోగేజి రైలు చరిత్ర ఎవరు రాసినా పర్లాకిమిడి రాజాగారితోనే మొదలవుతుంది. 1900లో పర్లాకిమిడి దాకా ఆయన వేయించిన రెండున్నర అడుగుల లైను 1931 నాటికి గుణుపురం చేరింది. ఆయన చొరవను కాదనను. కానీ టెక్కలిలో ఆ బండి ఎక్కిన ఆడవాళ్లు ఆ చరిత్రలో ఏరీ? 1936లో పర్లాకిమిడి ఒరిస్సాకి పోయింది. పుట్టిల్లొక రాష్ట్రం, మెట్టినిల్లొక రాష్ట్రం అయినవాళ్లకి ఈ చిన్న బండే దారి. 2004లో బ్రాడ్‌గేజి కోసం దాన్ని ఆపేశారు. 2011లో పెద్ద బండి వచ్చేదాకా గంపలతో, చంటిపిల్లలతో బస్సులే గతి. పాత ఆవిరి ఇంజన్లు కొన్నింటిని మాత్రం నంబర్లతో సహా ప్రదర్శనకు పెట్టారు. చిన్న బండిలో తిరిగిన ముసలమ్మలు టెక్కలిలో ఇంకా ఉన్నారు. వాళ్లని అడిగి రాసుకోవాల్సిన పని మిగిలే ఉంది.