లేజర్ ప్లాస్మా వర్ణపటంలో స్వీయ శోషణ

ప్లాస్మా వెలువరించిన కాంతిలో కొంత భాగాన్ని, అది బయటపడకముందే, ఆ ప్లాస్మాలోనే ఉన్న అదే మూలకపు పరమాణువులు పీల్చుకోవడాన్ని స్వీయ శోషణ అంటారు. లేజర్ పల్స్‌తో నమూనా ఉపరితలాన్ని ఆవిరి చేసి, పుట్టిన ప్లాస్మా కాంతిని బట్టి మూలకాలను కొలిచే పద్ధతిలో (దీన్ని పొట్టిగా లిబ్స్ అంటారు) లెక్కలు తప్పడానికి ఇదొక ప్రధాన కారణం.

ప్లాస్మా నడిమి భాగం బాగా వేడిగా, అంచులు అంతకంటే చల్లగా ఉంటాయి. అంచుల్లో భూస్థాయిలో, అంటే అతి తక్కువ శక్తి స్థాయిలో, ఉన్న పరమాణువులు ఎక్కువ. కాబట్టి భూస్థాయిలో ముగిసే వర్ణపట గీతలకే దెబ్బ ఎక్కువగా తగులుతుంది. 589.0, 589.6 నానోమీటర్ల దగ్గరి సోడియం గీతలు, 324.7, 327.4 దగ్గరి రాగి గీతలు అలాంటివి. మొదట గీత శిఖరం చదునై, వెడల్పు పెరుగుతుంది. శోషణ మరీ ముదిరితే శిఖరం మధ్యలో గుంట పడుతుంది. ఇదే స్వీయ విపర్యయం. ఒక మూలకం నమూనాలో ఎంత ఎక్కువగా ఉంటే దాని గీత అంత ఎక్కువగా అణగిపోతుంది. విశ్లేషకుడిని నిజంగా ఇబ్బంది పెట్టేది ఇదే.

ఈ విషయం లేజర్ కంటే వందేళ్లకు పైగా పాతది. 1849లో పారిస్‌లో లియోన్ ఫూకో కార్బన్ ఆర్క్ గుండా సూర్యకాంతిని పంపాడు. ఆర్క్ తనంతట తాను ప్రకాశవంతంగా చూపే పసుపు గీతల చోటే సూర్య వర్ణపటంలోని నల్లగీతలు ఇంకా నల్లబడ్డాయి. అయినా దాని భావాన్ని ఆయన విస్తరించలేదు. పదేళ్ల తరువాత, 1859లో, హైడెల్‌బర్గ్‌లో గుస్తావ్ కిర్కాఫ్ ఉప్పు చల్లిన మంటతో అదే ఫలితం చూసి, ఉద్గారానికీ శోషణకూ ఉన్న సంబంధాన్ని సూత్రీకరించాడు. 1913లో లాడెన్‌బర్గ్, రైషె పరమాణువుల సంఖ్య పెరిగే కొద్దీ గీత బలం ఎలా పెరుగుతుందో లెక్కగట్టారు. 1948లో కోవన్, డీకె స్వీయ శోషణపై రాసిన విస్తృత సమీక్షను లిబ్స్ పరిశోధకులు ఇప్పటికీ తిరగేస్తారు.

1960లో మైమన్ రూబీ లేజర్‌ను వెలిగించాడు. 1962 నాటికే బ్రెక్, క్రాస్ దాన్ని వర్ణపట విశ్లేషణకు వాడారు. 1980ల తొలినాళ్లలో అమెరికాలోని లాస్ అలమోస్‌లో క్రెమర్స్, రాడ్జిమ్‌స్కీ కృషితో పద్ధతి నిలదొక్కుకుంది. తెలిసిన నమూనాలతో క్రమాంకన రేఖ గీసుకుని, బలహీనమైన గీతలను ఎంచుకుంటే చిక్కు చాలావరకు తప్పేది. గాఢత పెరిగిన చోట రేఖ వంగితే, ఆ భాగాన్ని వదిలేస్తే సరిపోయేది.

తప్పించుకునే ఆ దారిని మూసింది ఇటలీలోని పీసా బృందం. 1999లో చుచ్చి, పల్లెస్కి తదితరులు ప్రమాణ నమూనాలే అక్కర్లేని విధానాన్ని ప్రతిపాదించారు. దానికి పునాది, ప్లాస్మా తన కాంతికి పూర్తిగా పారదర్శకమన్న ఊహ. ఆ ఊహ చెడితే బలమైన గీతలు తగ్గి కనబడి, ఉష్ణోగ్రత అసలుకంటే ఎక్కువగా తేలుతుంది, ప్రధాన మూలకాల వాటా తగ్గుతుంది. 2002లో అదే బృందం సవరణ విధానం ఇచ్చింది. 2005లో ఎల్ షెర్బినీ, సహచరులు అల్యూమినియం గీతలపై పనిచేసి, గీత ఎంత వెడల్పైందో చూసి శోషణ గుణకాన్ని అంచనా కట్టారు. ఆ గుణకం 1 అయితే శోషణ లేదు, సున్నాకు దగ్గరైతే గీత దాదాపు పూర్తిగా మునిగినట్టే. 2009లో ఫ్లోరిడాకు చెందిన మూన్, ఒమెనెటో, వైన్‌ఫోర్డ్‌నర్ బృందం ప్లాస్మా వెనక అద్దం పెట్టి పరీక్షించింది. ప్లాస్మా పారదర్శకమైతే, అద్దం నష్టాలు పోను, కాంతి దాదాపు రెట్టింపు కావాలి. అంతకంటే తగ్గితే శోషణ ఉన్నట్టే. సవరణకు ముందు ఇలాంటి పరీక్ష చేయకపోతే ఆ సవరణకు విలువ లేదు. అద్దం లేని చోట రాగి జంట గీతలూ పనికొస్తాయి. వాటి బలాలు 2:1 నిష్పత్తిలో ఉండాలి, శోషణ పెరిగితే ఆ నిష్పత్తి 1 వైపు జారుతుంది.

శోషణను ముందే అణచే ప్రయత్నాలూ జరిగాయి. 2015లో వుహాన్ పరిశోధకులు రెండో లేజర్‌తో అంచుల్లోని చల్లని పరమాణువులను ఉత్తేజపరిచి, పీల్చుకునేవాటి సంఖ్య తగ్గించారు. వాతావరణ పీడనం తగ్గినా ప్లాస్మా త్వరగా విస్తరించి పలచనవుతుంది. భూమి పీడనంలో ఒక శాతం కూడా లేని అంగారకుడిపై 2012 నుంచి క్యూరియాసిటీ రోవర్ చేస్తున్న లిబ్స్ కొలతలకూ, 2023లో శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్ చంద్రుడి శూన్యంలో చేసిన కొలతలకూ ఇది కొంత కలిసొచ్చింది.

2014లో స్పెయిన్‌కు చెందిన అరగాన్, అగిలేరా శోషణను తొలగించకుండానే లెక్కలోకి తీసుకునే సీ-సిగ్మా గ్రాఫులను ప్రవేశపెట్టారు. అణగిన గీతలు కూడా అందులో సమాచారమే. అయితే ప్లాస్మా అంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉందని భావించే సవరణ సూత్రాలు, గీత మధ్యలో గుంట పడిన చోట పనిచేయవు.