వంగ, టమాటాల్లో ఎండు తెగులు: గుర్తింపు, నివారణ

జంషెడ్‌పూర్‌లోని సోనారి వంటి ప్రాంతాల్లో పెరటి వంగ, టమాటా మొక్కలు ఉన్నట్టుండి వాడిపోతే ముందుగా అనుమానించవలసినది బాక్టీరియా ఎండు తెగులును. ఝార్ఖండ్‌లోని ఆమ్ల నేలలు, వానాకాలపు వేడి, తేమ దీనికి అనుకూలం. దీనికి కారణమైన రాల్‌స్టోనియా సొలనేసియారమ్ అనే నేల బాక్టీరియాను 1896లో అమెరికా శాస్త్రవేత్త ఎర్విన్ స్మిత్ వర్ణించారు.

గుర్తింపు: ఆకులు పచ్చగా ఉండగానే మొక్క మొత్తం వాడిపోతుంది, నీరు పోసినా తేరుకోదు. మొవ్వు, కాయ తొలుచు పురుగు ఆశించిన వంగలో కొమ్మల చివర్లు మాత్రమే వేలాడతాయి. వాడిన మొక్క కాండాన్ని కోసి, గాజు గ్లాసులోని తేటనీటిలో వేలాడదీయాలి. కొద్ది నిమిషాల్లో పాలవంటి సన్నని ధారలు దిగితే అది ఎండు తెగులే.

నివారణ: సోకిన మొక్కను ఏ పురుగుమందూ బతికించజాలదు, చల్లిన విషం పక్క మొక్కల కాయలపై చేరి ఇంటివారి పళ్లెంలోకి వస్తుంది. మొక్కను వేళ్లతో సహా పెకలించి నాశనం చేయాలి. ఎరువు గుంటలో వేయరాదు. పనిముట్లను శుభ్రపరచాలి. ఆ మడి నీరు పక్క మడులకు పారకుండా చూడాలి. అదే చోట కొన్నేళ్లపాటు మిరప, బంగాళాదుంప సహా ఆ కుటుంబపు పంటలు మాని, మొక్కజొన్న వంటివి వేయాలి. రాంచీ సమీపంలోని ప్లాండు పరిశోధన కేంద్రం రూపొందించిన స్వర్ణ శ్యామలి వంగ ఈ తెగులును తట్టుకుంటుంది. ఉస్తి మొక్కపై వంగను అంటుకట్టడం మరో మార్గం.

తొలుచు పురుగైతే వేలాడే చివర్లను ఎప్పటికప్పుడు తుంచి నాశనం చేయాలి. లింగాకర్షక బుట్టలు అమర్చాలి. మందు తప్పనిసరైతే, డబ్బాపై ఆ పంట పేరు, పిచికారీకీ కోతకూ మధ్య గడువు చూసిన తరువాతే వాడాలి.