అణువును చూపిన పసుపు

చిత్రకారులు గంబోజ్ అను పసుపురంగునకు ఆ పేరు కాంబోడియా దేశమునుండి వచ్చినది. అచట గార్సీనియా చెట్ల బెరడును గాటుపెట్టి, స్రవించు పాలను వెదురుగొట్టములలో పట్టి గట్టిపరచుదురు. 17వ శతాబ్దములో అది ఐరోపా చేరి నీటిరంగుల చిత్రములకు వన్నె తెచ్చినది. విరేచనౌషధముగను వాడిరి, మోతాదు మించినచో ప్రాణాపాయమే!

అయితే దాని అసలు ఘనత పారిస్ నగరమున వెల్లడియైనది. అణువులు నిజముగా కలవా, వట్టి ఊహలా యని పండితులు వాదులాడుచున్న దినములవి. 1908 ప్రాంతమున జీన్ పెరిన్ కిలో గంబోజ్‌ను నెలలతరబడి అపకేంద్రయంత్రమున త్రిప్పి వేరుపరచి, ఒకే పరిమాణముగల రేణువులను కొన్ని డెసిగ్రాములు మాత్రమే సాధించెను. ఎంతటి ఓపిక! వాటిని నీటిబొట్టులో నుంచి, సూక్ష్మదర్శినితో ఏ ఎత్తున ఎన్ని కలవో లెక్కించెను. కొండ యెక్కుకొలది గాలి పలుచనగునట్లే, పైకి పోనుపోను రేణువులును తగ్గినవి. అవి యన్నియు అడుగున పేరుకొనకుండుటకు కంటికి కానరాని నీటియణువుల తాకిడియే కారణము. ఆ లెక్కనుండి అణువుల సంఖ్యయు తేలినది. చిరకాలము సంశయించిన ఆస్ట్వాల్డ్ పండితుడు 1909లో అణువుల ఉనికి నంగీకరించెను.