పట్టాదారు గడిలో చుక్కలు

మద్రాసు ప్రభుత్వం చేయించిన రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లు ఆంధ్ర జిల్లాల్లో ఇప్పటికీ భూమి హక్కుకు మూలాధారం. రెవెన్యూ వాళ్లు ఆర్‌ఎస్‌ఆర్ అనేది వీటినే. సర్వే నంబరు, భూమి తరహా, విస్తీర్ణం, శిస్తు, చివరికి పట్టాదారు పేరు. కొన్ని వరసల్లో ఆ చివరి గడిలో పేరు ఉండదు, చుక్కలుంటాయి. హక్కు తేలని చోట, అడిగినప్పుడు ఎవరూ ముందుకు రాని చోట, రాసేవాడు చుక్కలు పెట్టి పక్క నంబరుకు వెళ్లిపోయాడు. ఆ చుక్కలకు అర్థమేమిటో రిజిస్టరులో రాయలేదు. ఆ భూముల్ని రైతులు తరతరాలుగా దున్నుకున్నారు, అమ్ముకున్నారు, కొనుక్కున్నారు, పిల్లలకు పంచారు. 2007లో రిజిస్ట్రేషన్ చట్టంలోకి కొత్తగా 22-ఎ సెక్షన్ వచ్చింది. ప్రభుత్వ భూములు చేతులు మారకుండా ఆపడం దాని పని. తర్వాతి ఏళ్లలో చుక్కల భూములు కూడా ఆ నిషేధిత జాబితాకు ఎక్కాయి. పేరు లేదంటే సర్కారుదే అని కొత్త పాఠకుడు చదువుకున్నాడు. ఆ చిక్కు విప్పడానికి 2017లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. 2023లో ఒక్క విడతలోనే రెండు లక్షల ఎకరాలకు పైగా భూమిని జాబితా నుంచి తొలగించారు.

ఈ ఉదంతంలో కాగితం పోలేదు, చెదలు పట్టలేదు, ఎవరూ దిద్దలేదు. పోయింది దాన్ని ఎలా చదవాలన్న తెలివిడి. మన భూమి రికార్డుల చరిత్రలో అసలు నష్టం ఇదేనని నా వాదన. రికార్డు రాసినవాడితోపాటు దాని అర్థం కూడా వెళ్లిపోతే, మిగిలిన కాగితం రైతుకు అండ కాకపోగా అతని మీద సాక్ష్యంగా తిరగబడుతుంది. నాటి గుమాస్తా 'హక్కుదారు హాజరు కాలేదు' అనో, 'తగాదా తేలలేదు' అనో రెండు మాటలు రాసి ఉంటే చాలు. ఆ రెండూ ఒకటి కావు, రెండింటికీ 'ప్రభుత్వ భూమి' అని అర్థం రాదు. రెండు వేర్వేరు స్థితులకు ఒకే గుర్తు వాడటం వల్లనే ఇంత జరిగింది.

దీనికి ఒక జవాబు ఎప్పుడూ వినిపిస్తుంది: లోపం మాటల్లో లేదు, మనుషుల్లో ఉంది, కరణాలున్న రోజుల్లో ఏ గుర్తుకు ఏ అర్థమో ఊళ్లో తెలిసే ఉండేది అని. అందులో నిజం ఉంది. ఆంధ్రలో కరణం, తెలంగాణలో పట్వారీ తమ ఊరి లెక్కలకు నడిచే నిఘంటువులే. అయితే వాడుక తెలిసినవాడు ఒక్కడే కావడం రైతుకు భద్రత కాదు, ఆధారపడటం. ఏ గడికి ఏమర్థమో చెప్పే అధికారం ఒక ఇంటిదైనప్పుడు, దాన్ని ప్రశ్నించడానికి ఎదుటివాడి దగ్గర ఏమీ ఉండదు. 1984లో ఆ పదవుల్ని రద్దు చేసినప్పుడు పుస్తకాలు ప్రభుత్వానికి అప్పగించారు. వాటి వాడుకను అప్పగించే ఏర్పాటు మాత్రం లేదు. మనుషులు మారతారు కనుకే రికార్డు ఉండాలి. మనిషి ఉంటేనే అర్థమయ్యే రికార్డు సగం రికార్డే.

నిజాం రాజ్యం నుంచి వచ్చిన జిల్లాల్లో పదజాలమే వేరు. అక్కడ మూల రికార్డు సేత్వార్, పొలం కొలతల పటం టిప్పన్, ఏటా రాసేది పహాణీ. కోస్తా వాళ్లకు ఆ చివరిదే అడంగల్. 1954-55లో తయారైన ఖాస్రా పహాణీ ఇప్పటికీ కోర్టుల్లో బరువున్న సాక్ష్యం. పట్టా ఎవరిది, సాగులో ఎవరున్నారు అన్న రెండు ప్రశ్నల్నీ అది విడిగా అడిగింది, దాని విలువ అక్కడుంది. ఆ పాత కాగితాల్లో కబ్జాదారు అంటే భూమి అనుభవంలో ఉన్నవాడు. నేడు కబ్జా అంటే ఆక్రమణ. తాత పేరు పక్కన ఆ మాట చూసిన మనవడు తాతను దొంగ అనుకునే పరిస్థితి. విస్తీర్ణం సంగతి ఇంకా ప్రమాదకరం. 2.20 అని రాసుంటే తెలంగాణలో రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్రలో అదే అంకె రెండెకరాల ఇరవై సెంట్లు. తేడా 1,452 చదరపు గజాలు. రెండూ వాటి వాటి చోట తప్పు లేనివే. కొలమానం పేరు రాయకుండా రెండింటినీ ఒకే కంప్యూటరు గడిలోకి ఎక్కిస్తే మాత్రం తప్పు పుట్టుకొస్తుంది.

అయితే స్పష్టత అంటే గడులు తగ్గించడం అనుకుంటే పొరపాటు. 2020లో తెలంగాణ కొత్త పాస్‌పుస్తకాల చట్టంతో ధరణి పోర్టల్ వచ్చినప్పుడు అనుభవదారు గడిని తీసేశారు. పట్టాదారు ఒక్కడే కనిపిస్తే తగాదాలుండవన్నది సమర్థన. ఆ గడిని అడ్డం పెట్టుకుని లేని హక్కులు సృష్టించిన సందర్భాలున్నాయి, ఆ భయం ఉత్తది కాదు. కానీ కౌలుదారు, సాదాబైనామాతో, అంటే రిజిస్టరు కాని తెల్లకాగితం ఒప్పందంతో, కొన్నవాడు పొలంలో ఉన్నారు కదా. గడి తీసేసినంత మాత్రాన వాళ్లు పొలం నుంచి మాయం కాలేదు, రికార్డు నుంచి మాత్రమే మాయమయ్యారు. రెండు వేర్వేరు సంగతులకు రెండు పేర్లు ఉంచి, ఏ పేరుకు ఏ హక్కు వస్తుందో, ఏది రాదో విడమరిచి రాయడమే నేను అడిగే స్పష్టత. అనుభవం రాసినంత మాత్రాన యాజమాన్యం రాదని గడి తలమీదే రాసుంటే, ఆ దుర్వినియోగానికి చాలావరకు చోటుండేది కాదు.

ఇది చేతకాని పనేమీ కాదు. 1858లో మొదలైన ఇనాం కమిషన్ ఒక్కో మాన్యానికి ఇచ్చిందెవరు, పుచ్చుకున్నదెవరు, ఎందుకోసం, ఎంత విస్తీర్ణం అన్న ప్రశ్నలు గడులుగా పెట్టి జవాబులు రాయించింది. ఆ ఇనాం ఫెయిర్ రిజిస్టర్ల మీద కూడా వ్యాజ్యాలు నడుస్తూనే ఉన్నాయి. భూమి గుడిదా, అర్చకుడిదా అన్న తగాదా ఇంకా తెగని ఊళ్లున్నాయి. అయినా వాదించడానికి అక్కడ ఒక వాక్యం ఉంది. చుక్కల రైతుకు అదీ లేదు. ఇప్పుడు అదే ప్రమాదం మరో రూపంలో ఎదురైంది. ఆంధ్రలో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో కొత్త ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబర్లు వచ్చాయి. తాతల నాటి దస్తావేజులన్నీ పాత నంబరుతోనే ఉన్నాయి. ఏ పాత నంబరు ఏ కొత్త నంబరైందో చెప్పే పట్టికను ఆఫీసు బీరువాకే పరిమితం చేయకుండా, ప్రతి గ్రామ రిజిస్టరులోనూ మొదటి పేజీగా కుట్టి, తేదీ వేసి, అడిగిన రైతుకు నకలు ఇవ్వాలి.