బెజవాడ బొమ్మ, ఇంగ్లండు అటక

పాత బొమ్మల పోస్టుకార్డులు పోగేసే సరదాకి ఇంగ్లీషులో ఓ పేరుంది: డెల్టియాలజీ. వినగానే మన కృష్ణా డెల్టాకి సంబంధించిందేదో అనిపిస్తుంది గానీ అదేం కాదు. గ్రీకులో డెల్టియాన్ అంటే చిన్న రాతపలకట. అక్కణ్ణుంచి పుట్టించారు ఈ మాటని. అయినా సరే, డెల్టా వాళ్ళకి ఈ పిచ్చి పట్టుకుంటే ఓ చిత్రమైన సంగతి తెలిసొస్తుంది. మన ఊళ్ళ పాత బొమ్మలు మన ఊళ్ళో దొరకవు. ఈబేలోనో, డెల్కాంప్‌లోనో, ఎక్కడో ఇంగ్లండులో ఎవరి అటక మీంచో దించిన పెట్టెలో దొరుకుతాయి.

వెతకడానికి కూడా ఇవాళ్టి పేర్లు పనికిరావు. విజయవాడ అని కొడితే లాభం లేదు, బెజ్వాడా అని కొట్టాలి. కృష్ణ అంటే కిస్ట్నా. మచిలీపట్నం మసూలిపటం, కాకినాడ కోకనాడా, ఏలూరు ఎల్లోర్. (ఎల్లోర్ అని కొడితే ఎల్లోరా గుహలొచ్చి పడతాయి, అది వేరే తలనొప్పి.) ఒకే రికార్డుకి నాలుగు ప్రైమరీ కీలున్న డేటాబేసు ఎలా ఉంటుందో ఊహించుకోండి, అదన్నమాట పరిస్థితి.

ముందు కాస్త చరిత్ర. ప్రపంచంలో మొదటి పోస్టుకార్డు 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగరీలో వచ్చింది. పదేళ్ళు తిరక్కుండానే, 1879 జులై 1న మన దేశంలోనూ వచ్చేసింది. ధర కాణీ, అంటే పావు అణా. దాని మీద బొమ్మ లేదు. బొమ్మల సంగతి మొదలైంది 1890ల్లో. ప్రైవేటు వాళ్ళు అచ్చేసిన కార్డుల్ని బ్రిటన్ తపాలాశాఖ 1894లో ఒప్పుకుంది. అప్పట్లో కార్డు వెనకవైపంతా చిరునామాకే. కబుర్లు రాయాలంటే బొమ్మ పక్కన ఖాళీలో ఇరికించాలి. 1902లో బ్రిటన్ వెనకవైపుని రెండుగా చీల్చింది: సగం ఉత్తరానికి, సగం చిరునామాకి. మిగతా దేశాలు ఒక్కొక్కటే ఆ దారి పట్టాయి, అమెరికా 1907లో. ఆ చిన్న మార్పుతో బొమ్మకి ఒక వైపు పూర్తిగా దక్కింది. అక్కణ్ణుంచి 1914 యుద్ధం దాకా ఈ కార్డులకి స్వర్ణయుగం.

మనవైపు ఈ వ్యాపారమంతా మద్రాసుదే. మౌంటు రోడ్డులో హిగ్గిన్‌బోథమ్స్, స్పెన్సర్స్, ఫోటోలకి వీలే అండ్ క్లైన్ స్టూడియో. ఫోటో తీసేది ఇక్కడ, చాలావాటిని అచ్చేసేది జర్మనీలో, అమ్మేది మళ్ళీ ఇక్కడ, చివరికి చేరేది ఏ లండన్‌కో. ఆఫ్‌షోరింగ్ మనం కనిపెట్టిందేమీ కాదు, అప్పటికే ఉంది. దిక్కు మాత్రం తిరగబడి ఉంది! యుద్ధంతో జర్మనీ అచ్చు ఆగిపోయింది, ఆ కళా పోయింది.

మద్రాసు, ఊటీ, హైదరాబాదు కార్డులు కుప్పలుగా కనిపిస్తాయి. డెల్టావి మాత్రం ఏరుకోవాలి. ఎందుకని? కొనేవాళ్ళెవరో చూస్తే తెలుస్తుంది. తెల్ల సిపాయిలు, దొరలు, వాళ్ళ భార్యలు, ఓడ దిగిన యాత్రికులు. మన దగ్గర చల్లటి కొండలు లేవు, పెద్ద కంటోన్మెంటు లేదు. ఒకప్పుడు బందరులో దళం ఉండేది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో దాదాపు ముప్పై వేలమంది పోయారు. ఆ తర్వాత అక్కణ్ణుంచి సైన్యాన్ని ఎత్తేశారు. కార్డులు పుట్టేనాటికి బందరులో గిరాకీ చేసే వాళ్ళే పెద్దగా మిగల్లేదు.

బెజవాడని నిలబెట్టింది రైలు. హైదరాబాదు నుంచి లైను 1889లో వచ్చింది. కృష్ణ మీద వంతెన 1893లో, రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన 1900లో తెరిచారు. అంటే కలకత్తా-మద్రాసు రైలు దారి పూర్తవడమూ, బొమ్మ కార్డుల మోజు ఊపందుకోవడమూ ఇంచుమించు ఒకేసారి జరిగాయి. దారినపోయేవాడికి బెజవాడ అంటే ఏం గుర్తుంటుంది? నది, వంతెన, కొండ, ఆనకట్ట. కార్డు మీదకి ఎక్కేదీ అదే.

ఆ ఆనకట్ట బొమ్మే నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది. ఇప్పుడు మనం చూసే ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. దానికి ముందు వందేళ్ళు డెల్టాకి నీళ్ళిచ్చింది 1855లో పూర్తయిన రాతి ఆనకట్ట. వరదొస్తే నీళ్ళు దాని నెత్తిమీంచే పొర్లిపోయేవి. మన తాతల పొలాలు, వాటిమీద చదువులు, ఆ చదువుల మీద ఇవాళ్టి మన ఉద్యోగాలు - అన్నిటికీ మొదలు అక్కడే. అది ఎలా ఉండేదో చూడాలంటే ఇప్పుడు బొమ్మలే దిక్కు.

ఏమాటకామాట, ఈ కార్డుల్లో నచ్చనిదీ ఉంది. ఊళ్ళూ గుళ్ళూ కాకుండా మనుషుల్ని కూడా అమ్మారు. నీళ్ళు మోసేవాడు, పాములవాడు, చాకలి, బ్రాహ్మడు అంటూ రకాలవారీగా. కింద కులమో పనో అచ్చవుతుంది, మనిషి పేరుండదు. కార్డు వేసిన కంపెనీ పేరు మాత్రం తప్పకుండా ఉంటుంది.

మరి మనవాళ్ళు కార్డులు దాచలేదా? భేషుగ్గా దాచారు! ప్రతి ఇంట్లోనూ గోడకి ఓ వంపు తిరిగిన ఇనప తీగ వేలాడేది. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ నడిమధ్య పొడిచి దానికి గుచ్చడమే. శుభవార్తయితే మూలల్లో పసుపు. చావు కబురయితే చదివి గుమ్మం బయటే చించేసేవాళ్ళు. అంటే మన ఆర్కైవులో పెళ్ళిళ్ళుంటాయి, చావులుండవు. సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకి మరో కోశాగారం ఉండేది. మద్రాసుకి ఉత్తరం రాస్తే అభిమాన నటుడి సంతకంతో వచ్చే ఫోటో కార్డు. దాన్ని మాత్రం తీగకి గుచ్చలేదు, పుస్తకంలో పెట్టుకున్నారు.

తీగకున్నవి ఏమయ్యాయి? చెద, చెమ్మ, ఇల్లు మారినప్పుడల్లా కొంత. పైన నీళ్ళు. 1977 నవంబరు ఉప్పెనకి దివిసీమలో మనుషులే వేలల్లో పోయారు, కాగితాల ఊసెత్తేదెవరు? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అదే వరదకి బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్ళింది. ఆ ఇళ్ళలో ట్రంకు పెట్టెల అడుగున ఉన్న ఫోటోలు, ఉత్తరాలు ఎన్ని బురదయ్యాయో లెక్క కట్టినవాళ్ళు లేరు.

పోస్టుకార్డు లక్షణమే అది. రాసినచోట ఉండదు, చేరినచోట ఉంటుంది. బెజవాడలో దొర రాసింది ఇంగ్లండులో పొడిగా బతికింది. బెజవాడకి మనవాళ్ళు రాసింది తడిసిపోయింది. అంచేత మన ఊరి చరిత్ర బొమ్మల్లో చూస్తే దొరల కంటితో చూసినదే ఎక్కువ మిగిలింది. మన చేతిరాతున్న కాణీ కార్డుకి బొమ్మ లేదని వేలంలో విలువ కట్టేవాళ్ళూ తక్కువే.

ఇంట్లో పాత కార్డు దొరికితే దాని వయసు కనుక్కోవడం కష్టమేం కాదు. స్టాంపు మీద ఎడ్వర్డు రాజుంటే 1902 తర్వాతది, జార్జి అయితే 1911 తర్వాతది. గుంటూరు కిస్ట్నా జిల్లా అని అచ్చయి ఉంటే 1904లో గుంటూరు జిల్లా ఏర్పడక ముందుది. పిన్‌కోడ్ రాసుంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. విజయవాడ పక్కన ఎన్టీఆర్ జిల్లా అని ఉంటే 2022 తర్వాతది, వందేళ్ళ తర్వాత మనలాంటి ఇంకో పిచ్చివాడికి అదీ ఓ ఆనవాలే.

ఈసారి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అటక మీదకి ఓసారి చూడండి. దొరికినవాటిని 600 డీపీఐలో స్కాన్ చెయ్యండి, తీగ గుచ్చిన చిల్లుతో సహా, రెండువైపులా. ముందున్న బొమ్మకి ఇంకో కాపీ ఎక్కడో ఉండొచ్చు. వెనకున్న నాలుగు ముక్కలకి మాత్రం ఇంకో కాపీ లేదు.