ఇనుప అతివాహకాలు - అయస్కాంతత్వానికి, స్ఫటిక వికృతికి గల సంబంధం

విద్యుత్తును ఏమాత్రం నిరోధం లేకుండా ప్రవహింపజేసే పదార్థాలను అతివాహకాలు అంటారు. అయస్కాంతత్వం సాధారణంగా అతివాహకతకు విఘాతం కలిగిస్తుంది. అందువల్ల ఇనుము గల పదార్థాలపై శాస్త్రవేత్తలు పెద్దగా ఆశలు పెట్టుకోలేదు. 2008లో టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన ప్రొఫెసర్ హిడెయో హోసోనో బృందం, ఇనుము, ఆర్సెనిక్ గల ఒక సమ్మేళనం 26 కెల్విన్ల (మైనస్ 247 డిగ్రీల సెల్సియస్) వద్ద అతివాహకంగా మారుతుందని ప్రకటించడంతో ఈ అభిప్రాయం మారింది.

ఈ తరగతిలో విస్తృతంగా పరిశోధించిన వాటిలో బేరియం, ఇనుము, ఆర్సెనిక్‌ల సమ్మేళనం ఒకటి. దీనిని చల్లబరచినప్పుడు సుమారు 140 కెల్విన్ల వద్ద రెండు మార్పులు దాదాపు ఒకేసారి సంభవిస్తాయి. చతురస్రంగా ఉన్న ఇనుప పరమాణువుల అమరిక ఒక దిశలో స్వల్పంగా సాగి దీర్ఘచతురస్రమవుతుంది. ఈ తేడా ఒక శాతం లోపే. పరమాణువుల అయస్కాంత దిశలు పొడవు వైపు పరస్పరం వ్యతిరేకంగాను, పొట్టి వైపు ఒకే దిశలోను క్రమబద్ధమవుతాయి. బేరియంలో కొంత భాగానికి బదులు పొటాషియం చేర్చగా ఈ రెండు మార్పులూ అణగిపోయి, 38 కెల్విన్ల వద్ద అతివాహకత లభిస్తుంది.

వీటిలో కారణమేది, ఫలితమేది అన్నది కీలక ప్రశ్న. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు స్ఫటికాన్ని స్వల్పంగా సాగదీసి విద్యుత్ నిరోధాన్ని కొలిచారు. మార్పు జరిగే ఉష్ణోగ్రత సమీపించే కొద్దీ నిరోధపు స్పందన తీవ్రమైంది. మూలం జాలకంలో కాక ఎలక్ట్రాన్లలోనే ఉన్నదని 2012లో వారు నిర్ధారించారు. అయితే ఇనుము, సెలీనియం సమ్మేళనంలో 90 కెల్విన్ల వద్ద ఆకృతి మారినా, సాధారణ పీడనంలో అయస్కాంత క్రమం ఏర్పడదు. అందువల్ల అయస్కాంతత్వం పాత్రపై చర్చ ముగియలేదు. ఈ సంబంధం స్పష్టమైతే మరింత అధిక ఉష్ణోగ్రతలో పనిచేసే అతివాహకాల అన్వేషణకు మార్గం సుగమమవుతుంది.